తన దారి తానెరిగిన అస్త్రము
(ఉంగుటూరున చేసిన ప్రసంగము)



మామిడికాయపై విసరిన రాయి చేయి విడిచిన పిదప మన మాట వినదు. ఫిరంగిగుండునకును ఇదియే ధర్మము. గురి కదలినచో గుండు వ్యర్థము.

1970లో హైదరాబాదున స్థాపితమైన భారత్ డైనమిక్స్ సంస్థ తొలుత ఫ్రెంచివారి ఎస్.ఎస్. 11 క్షిపణిని తయారుచేసినది. దాని వెంట సన్నని తీగ సాగుచుండును. సైనికుడు శత్రువు టాంకుపై చూపు నిలిపి, దానిని చేతితో నడపవలెను; అది తగులువరకు అతడు చాటునకు పోజాలడు.

1983లో అబ్దుల్ కలాంగారి నాయకత్వమున హైదరాబాదులో ఆరంభమైన క్షిపణి కార్యక్రమము ఈ చిక్కును విడదీయ బూనినది. అందు పుట్టిన ‘నాగ్’ క్షిపణికి శిరస్సుననే నేత్రము గలదు. టాంకు వెలువరించు వేడిమినిబట్టి దాని రూపమును గుర్తించి, అది కదలినను వెంటాడును.

ఆ నేత్రమే దుర్లభము. 1987లో ఏడు సంపన్న రాజ్యములు క్షిపణి సామగ్రి ఎగుమతిపై కట్టుబాట్లు విధించినవి. రాజస్థాన ఎడారి వేసవిలో ఇసుకయు టాంకును సమముగా కాగుటచే నేత్రము తడబడినది. మనవారు విసుగక సరిదిద్దిరి. 2020 అక్టోబరులో పోఖ్రానునందు తుదిపరీక్ష నెగ్గినది. అరువు తెచ్చిన కన్నుతో ఏ జాతియు తన సరిహద్దును కాపాడుకొనజాలదు.

అయినను ఒక మాట. ఆ కన్ను వేడిమిని చూచును గాని, శత్రువెవడో శరణాగతుడెవడో ఎరుగదు. ఆ నిర్ణయమును యంత్రమునకు అప్పగింపరాదు. కన్ను మనదై యుండవలెను. వివేకమును మనయందే యుండవలెను.