థారా, జిమ్నీనా? నమ్మకం లెక్క వేరు

సీతంపేట ఏజెన్సీలో ఉండే మా మావయ్య మొన్న ఫోన్ చేశాడు. "ఒరే, థార్ కొనీమంటావా, జిమ్నీయా? వానాకాలం అర్ధరాత్రి అమ్మమ్మకి ఆయాసం వస్తే పాలకొండ దాకా ఆగకుండా వెళ్లాలి" అన్నాడు.

ముందు బలం చూద్దాం. థార్ 2.2 డీజిల్‌ది 300 ఎన్ఎం టార్క్, గ్రౌండ్ క్లియరెన్స్ 226 మిల్లీమీటర్లు. జిమ్నీ 1.5 పెట్రోల్‌ది 134 ఎన్ఎం, 210 మిల్లీమీటర్లు. ఘాట్‌లో, బురదలో థార్‌దే పైచేయి. కానీ బలం వేరు, నమ్మకం వేరు.

బీఎస్-6 డీజిల్ బండిలో పొగలోని మసిని పట్టే డీపీఎఫ్ ఉంటుంది. రోజూ రెండు కిలోమీటర్లు తిప్పి ఆపేస్తే అందులో మసి పేరుకుంటుంది. అప్పుడప్పుడూ హైవే మీద పరిగెత్తించాలి. మావయ్య తిరిగేదేమో తోటకీ, సంతకీ!

జిమ్నీలో టర్బో లేదు. ఆ ఇంజిన్ ఎర్టిగాలో, సియాజ్‌లో నడిచిందే కాబట్టి మన చిన్న ఊళ్ల మెకానిక్‌లకి కొత్త కాదు. అయితే ఫోర్ వీల్ డ్రైవ్ పార్టులు మాత్రం ఎర్టిగావి పనికిరావు. అవి ఎన్ని రోజుల్లో వస్తాయో కొనకముందే షోరూమ్‌లో అడగండి.

సాఫ్ట్‌వేర్‌లో మేం సిస్టమ్ ఎన్నిసార్లు పడిందనే కాదు, పడ్డాక ఎంతసేపట్లో లేచిందో కూడా చూస్తాం. బండికీ అదే లెక్క.

అందుకే మావయ్యకి జిమ్నీ చెప్పాను. రోజూ శ్రీకాకుళం దాకా తిరిగేవాడైతే థార్ డీజిలే చెప్పేవాణ్ణి. ఒక్క మాట, థార్‌లో ఫోర్ వీల్ డ్రైవ్ లేని వేరియంట్లూ ఉన్నాయి. చూసి కొనండి. ఉంటానండీ!