తెర నల్లబడితే పెట్టె పోయినట్టు కాదు



మా చంద్రగిరిలోనే కాదు, ఏ ఊళ్ళో చూసినా చాలా ఇళ్ళల్లో ఓ మూల పాత కంప్యూటర్ ఒకటి ఉంటుంది. పిల్లల చదువుకోసం పది పన్నెండేళ్ళ కిందట కొన్నది. పిల్లలు పైచదువులకు వెళ్ళిపోయారు, పెట్టె మనకు మిగిలింది. పెళ్ళి ఫొటోలు, సీమంతం ఫొటోలు, చీటీల లెక్కలు, జాకెట్ల కుట్టుకూలి పద్దులు, అన్నీ అందులోనే. ఒకరోజు స్విచ్చి వేస్తే తెర నల్లగా ఉండిపోతుంది. "అయ్యో, అన్నీ పోయాయే!" అని గుండె గుభేలుమంటుంది.

కంగారు పడకండి. అద్దం మసకేస్తే ముఖం మాసిపోదు గదా! మనం చూసేది మానిటర్‌లో, దాచుకున్నది పెట్టెలోని హార్డ్ డిస్కులో. ఆటోలో పెట్టుకుని తిరుపతికి పరుగెత్తే ముందు ఇంట్లోనే కొన్ని సంగతులు చూసుకోవచ్చు.

మొదట దీపాలు చూడండి. పెట్టె మీద దీపం వెలగక, లోపలి ఫ్యాను చప్పుడు కూడా లేకపోతే తప్పు తెరది కాదు. ప్లగ్గు, స్విచ్చిబోర్డు, యూపీఎస్ చూసుకోవాలి. పెట్టె నడుస్తూ, మానిటర్ దీపం నారింజరంగులో ఉంటేనో, మిణుకుమిణుకుమంటుంటేనో, దానికి కరెంటు అందుతోంది గాని బొమ్మ అందడం లేదన్నమాట.

అప్పుడు రెండూ ఆపి, వెనక తీగ చూడండి. పాతవాటికి ఎక్కువగా నీలంరంగు మూతి ఉంటుంది. అటూ ఇటూ రెండు మరలు, లోపల మూడు వరుసల సూదులు. బల్ల జరిపినప్పుడో, ఇల్లు చిమ్మినప్పుడో ఇది వదులవుతుంది. తీసి, సూదులు వంగాయేమో చూసి, తిన్నగా దూర్చి మరలు బిగించండి. సూదుల స్థానాలు 15 అయినా ఒకటి ఖాళీగా ఉండవచ్చు, అది విరిగిందనుకోకండి. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగులకు వేరువేరు సూదులుంటాయి. నీలం అందకపోతే తెరంతా పసుపు కొట్టినట్టుంటుంది. పసుపు కనబడగానే మానిటర్ పోయిందని తీర్మానించడం తొందరపాటే.

తీగ బిగించినా బొమ్మ రాలేదా? పెట్టెనుంచి తీగ ఊడదీసి, మానిటర్ ఒక్కదాన్నే వేయండి. "నో సిగ్నల్" అనో, తీగ చూసుకోమనో అక్షరాలు వస్తే మానిటర్ క్షేమమే. ఏమీ రాకపోతే తీగ మళ్ళీ తగిలించి, కంప్యూటర్ వేసి, గది చీకటి చేసి తెరమీద టార్చిలైటు ఏటవాలుగా వేయండి. బొమ్మ లీలగా కనబడితే, పోయింది వెనకనుంచి వచ్చే వెలుగు మాత్రమే.

పెట్టె ఆగి ఆగి "బీప్ బీప్" మంటోందా? చాలాసార్లు అది మెమరీ పలక గోల. ప్లగ్గు పూర్తిగా పీకి, పెట్టె ఇనుప అంచును ఒకసారి తాకి, పలక చివరి క్లిప్పులు విప్పి బయటకు తీయండి. బంగారురంగు అంచును పిల్లలు వాడే మెత్తటి రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడిచి, క్లిప్పు టక్కుమనేదాకా నొక్కండి. దుమ్ము పేరుకున్న పెట్టెల్లో ఈ చిన్నపనితోనే బొమ్మ తిరిగి రావడం కద్దు.

ఒక్క హెచ్చరిక. వెనక పెద్ద బుర్ర ఉండే పాతకాలపు గాజు మానిటర్‌ను మాత్రం ఎవరూ విప్పకూడదు. ప్లగ్గు పీకిన తర్వాత కూడా అందులో వేల వోల్టుల విద్యుత్తు నిలిచి ఉండవచ్చు. అది ప్రాణాలతో చెలగాటం.

ఇవన్నీ చేసినా ఫలితం లేకపోతే మెకానిక్కును పిలవండి. ఏమేం చూశారో వరసగా చెప్పండి. "నన్ను అడగకుండా ఫార్మాట్ చేయవద్దు నాయనా" అని ముందే గట్టిగా చెప్పండి. తెర బాగుచేయడానికి హార్డ్ డిస్కు తుడిచేయనక్కరలేదు. తుడిచేస్తే మాత్రం సీమంతం ఫొటోలు తిరిగి రావడం కష్టం.

బొమ్మ వచ్చిందా, ముందు చేయవలసిన పని ఒకటే. ఫొటోలూ పద్దులూ ఆ పూటే మరోచోటికి ఎక్కించి, ఆ డ్రైవును నగలతోపాటు బీరువాలో పెట్టండి. సెలవు.