ఇంజనునకు ఏ నూనె?

అత్తిలి నుండి తణుకునకో భీమవరమునకో నిత్యము కారు నడుపుకొను శ్రోతలు, ఇంజన్ ఆయిల్ మార్పించు వేళ, సింథటిక్ రకమునకు అధికమూల్యము చెల్లించుట సార్థకమా యని సందేహించుట సహజము.

ముడిచమురును శుద్ధిచేసి తీసిన సాధారణ తైలమున అణువులు చిన్నవియు పెద్దవియు కలగలసి యుండును. రసాయనప్రక్రియచే రూపొందిన సింథటిక్ తైలమున నవి ఇంచుమించు ఏకరూపమున నుండుటచే, వేసవి యెండలో తాడేపల్లిగూడెము మీదుగా జాతీయ రహదారిపై గంటల తరబడి పరుగిడు ఇంజనులో సైతము అది త్వరగా పలుచబడక, ఆవిరియై హరించిపోక, మడ్డి కట్టక నిలుచును. టర్బో గల ఇంజనులకు ఇది మిక్కిలి శ్రేయస్కరము.

అయితే ఊరిలోనే రెండుమూడు కిలోమీటర్లు తిరిగి ఆగు బండిలో ఇంజను తగినంత వేడెక్కదు; నీటి ఆవిరియు, మండని ఇంధనమును నూనెలో చేరి దానిని చెఱచును. ఎంత వెలగల తైలమైనను ఈ దోషమును పూర్తిగా తప్పింపజాలదు. కిలోమీటర్లు తక్కువైనను, ఏడాదికొకసారి మార్పింపక తప్పదు.

పాతబండికి సింథటిక్ పోయరాదను మాట నిరాధారము. నూనె కారుచున్న ఇంజనునకు మాత్రము ముందుగా సీళ్లు మార్పింపవలెను.

బండితో వచ్చిన పుస్తకమున 5డబ్ల్యు-30 వంటి ఏ చిక్కదన శ్రేణి సూచింపబడెనో దానినే వాడుడు. ఆ పుస్తకము సింథటిక్‌నే కోరనిచో, కొద్దిదూరములు నెమ్మదిగా తిరుగు బండికి సాధారణ తైలమును వేళకు మార్చిన చాలును.