గ్రంథాలయమున పుట్టిన పతకములు
(రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



నేను పండితుడను కాను. ఊరి లెక్కలు వ్రాసుకొనుచు, రాత్రులు నిఘంటువును ప్రక్కన బెట్టుకొని భారతమును, వసుచరిత్రమును కూడబలుకుకొన్నవాడను. అట్టి నన్ను విజ్ఞానశాస్త్ర విషయమేదైన చెప్పవలసినదని కార్యదర్శిగారు కోరిరి. వేదికపై శాలువలు, సన్మానపత్రములు సిద్ధముగా నున్నవి గనుక సన్మానముల మాటయే యెత్తుకొందును.

భూమి చరిత్రలోని కడపటి ఘట్టమును, అనగా సుమారు 26 లక్షల యేండ్లనుండి నేటివరకు గల క్వాటర్నరీ యుగమును పరిశోధించు శాస్త్రజ్ఞులు కలరు. భూమి వయస్సు 450 కోట్ల యేండ్లు దాటినది గనుక వారికిది మొన్నటి మాట. ఈ కాలమున ఉత్తర ఖండములపై మంచు పలుమారులు వ్యాపించి, పలుమారులు కరగినది. మంచు పెరిగినప్పుడు సముద్రము తరిగెడిది. సుమారు 20 వేల యేండ్ల క్రిందట సముద్రమట్టము నేటికన్న దాదాపు 120 మీటర్లు దిగువ నుండెను. మన మహేంద్రతనయ బారువకడ ఆగక, యింకను తూర్పుగా సాగి సముద్రమును వెదకుకొనవలసి వచ్చియుండును. విశాఖపట్టణ భీమునిపట్టణముల నడుమనున్న ఎర్రమట్టి దిబ్బలు ఆ రాకపోకల దస్తావేజులే. గాలి తెచ్చి పోసిన యిసుకలోని యినుము కాలక్రమమున త్రుప్పుపట్టి ఎర్రబారినది. భారత భూవిజ్ఞాన సర్వేక్షణ సంస్థ వానిని భూవారసత్వ స్థలముగా గుర్తించినది. ఇసుకదిబ్బకు జరిగిన సన్మానము!

ఈ విద్యలో నిచ్చు పతకములలో బ్రిటనుదేశపు క్వాటర్నరీ పరిశోధక సంఘము వారి అత్యున్నత పతకము జేమ్స్ క్రాల్ పేర నున్నది. ఈయన 1821లో స్కాట్లండునందు పేదకుటుంబమున పుట్టెను. పదమూడవ యేటనే బడి మానెను. మరల పని, వడ్రంగము, తేయాకు దుకాణము, పూటకూళ్ల యిల్లు, బీమా ఏజెంటు పని—ఏదియు నిలువలేదు. 1859లో గ్లాస్గో నగరమున ఒక కళాశాల మ్యూజియమునకు కాపలాదారుగా కుదిరెను. జీతము స్వల్పమేగాని, అచ్చట మంచి గ్రంథాలయమున్నది. తలుపు తీయుట, మూయుట, మధ్య చదువుట! 1864లో, భూకక్ష్య మార్పులవలన హిమయుగములు కలుగునని వ్యాసము ప్రకటించెను. 1876లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యెను. కాలనిర్ణయమున ఆయన లెక్క తప్పినది. ఆయన చెప్పినదానికన్న మంచు చాల ఆలస్యముగా కరగినదని తేలి, సిద్ధాంతము మరుగున పడెను. ఆయన 1890లో మరణించెను. పతకమిచ్చు సంఘము 1964లోగాని పుట్టలేదు.

ఆ లెక్కను మరల చేపట్టినవాడు సెర్బియా దేశస్థుడు మిలుటిన్ మిలాంకోవిచ్. మొదటి ప్రపంచయుద్ధమున శత్రుదేశమునకు బందీయై, బుడాపెస్టు నగరమున నుండవలసి వచ్చినప్పుడు, హంగేరీ విజ్ఞాన పరిషత్తు గ్రంథాలయమున చదువుకొనుట కనుమతి దొరకెను. అచ్చటను గ్రంథాలయమే! భూమి యిరుసు వాలు 41 వేల యేండ్ల కొకసారి మారివచ్చును. కక్ష్య యాకృతి సుమారు లక్ష యేండ్ల కొకసారి మారును. పంచాంగము చూచువారికి అయనచలనము క్రొత్త కాదు. ఆయన దానినికూడ లెక్కలో చేర్చెను. యంత్రసహాయము లేక యేండ్లతరబడి చేతితో వేసిన యా గుణకారములను తలచుకొన్నప్పుడు, నెలాఖరు లెక్కకే విసుగుకొను నాకు సిగ్గు కలుగును. 1941లో మహాగ్రంథము వెలువడినను లోకము పూర్తిగా నమ్మలేదు. ఆయన 1958లో గతించెను. 1976లో హేస్, ఇంబ్రీ, షాకిల్టన్ అను మువ్వురు హిందూ మహాసముద్రపు దక్షిణభాగమున అడుగునుండి తీసిన బురదను పరీక్షించి, ఆ కాలచక్రములే అందున్నవని చూపిరి. నేడు ఐరోపా భూవిజ్ఞాన సంఘము మిలాంకోవిచ్ పేరను, అంతర్జాతీయ క్వాటర్నరీ సంఘము యువశాస్త్రజ్ఞులకై షాకిల్టన్ పేరను పతకము లిచ్చుచున్నవి.

ఇక స్వవిషయము. చిన్ననాట వేరొక యూరి పఠనమందిరమున ఉద్యోగపర్వము చదువుచుండగా, ధరావతు చెల్లింపలేదని పుస్తకము చేతినుండి తీసికొనిరి. శ్రీకృష్ణుడు రాయబారమునకు బయలుదేరినంతవరకే చదివితిని. ఆయన హస్తినాపురము చేరుటకు నాకు మూడేండ్లు పట్టినది.

మన నిబంధనలలోను ధరావతు లేనిదే పుస్తకము ఇంటికీయరాదని యున్నది. సాయంకాలము వల ఆరవేసి వచ్చు కుర్రవాడును, జీడిపిక్కలు కొట్టి వచ్చు ఆడబిడ్డయు ఆ రుసుము తేలేరు. వలదనువారి వాదమును నేనెరుగుదును: పుస్తకములు పోవును. నిజమే, కొన్ని పోవును. నేటి శాలువల ఖర్చులో సగము ఆ పద్దునకు మార్చుడని కార్యవర్గమును ప్రార్థించుచున్నాను. పోయిన పుస్తకముల లెక్క వేరు చిట్టాలో నేనే వ్రాసి, యేటేట సర్వసభ్య సమావేశమున చదివెదను.