పిల్లల మెడలు, నడుములు
(తామరైపాక్కమున తల్లిదండ్రుల సభలో చేసిన ప్రసంగ పాఠము)



వార్షికోత్సవ సభలలో పిల్లల మార్కులను గూర్చి మాటలాడుట వాడుక. నేడు మేము వారి మెడలను, నడుములను గూర్చి మాటలాడ నెంచితిమి. ఇది చిన్న విషయమని తలంపవలదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారము 2020వ సంవత్సరమున నడుమునొప్పి గలవారు 61 కోట్ల 90 లక్షల మంది. మనుష్యుని పనికి దూరము చేయు బాధలలో మొదటి స్థానము దీనిదే.

మన ప్రాంతమునకు ఈ నొప్పి క్రొత్తది కాదు. కొసస్థలై యేటి నీటితో పండు పొలములలో దినమెల్ల వంగి నాట్లు వేయు తల్లులకును, పొదటూరుపేట, అమ్మయార్‌కుప్పముల మగ్గముల కడ కూర్చుండిన తండ్రులకును దీనిని గూర్చి మేము చెప్పవలసినది లేదు. అయితే ఆ పెద్దలే, పిల్లవాడు నడుము నొప్పి యనగా, నీకు నడుమెక్కడిదిరా యని నవ్వుదురు. మేమును నవ్వినవారమే.

ఒకనాడు మాకు పరిచయమున్న యింట ఐదవ తరగతి బాలిక మెడ పట్టుకొని యేడ్చుచుండెను. చదువు తప్పించుకొనుటకు ఇదొక సాకనియు, నిటారుగా కూర్చుండిన నొప్పి రాదనియు తల్లి కసరుచుండెను. మేము ఆ పిల్ల సంచిని ప్రక్క అంగడి త్రాసులో పెట్టించితిమి. 5.5 కిలోలు తూగెను. బాలిక తూకము 25 కిలోలు. సంచి విప్పగా వాచకములే కాక, ఆనాడు పాఠము లేని నోటుపుస్తకములు నాలుగు, లీటరు నీళ్ళ సీసా, స్టీలు డబ్బా, ఎందులకో ఒక తాళము కప్ప కూడ బయటపడెను. పిల్ల అబద్ధమాడలేదు.

సంచి బరువు పిల్లల బరువులో పదియవ వంతు మించరాదని 2018 మే నెలలో మదరాసు హైకోర్టు చెప్పినది. 2020లో కేంద్ర ప్రభుత్వము వెలువరించిన బడిసంచి విధానమును ఆ మాటనే చెప్పుచు, 3 మొదలు 5 తరగతులకు 1.7 కిలోలనుండి 2.5 కిలోల వరకే యనినది. అంతకు చాల ముందే, 1989లో, మదరాసున పుట్టిన రచయిత ఆర్. కె. నారాయణ్ రాజ్యసభలో తమ తొలి ప్రసంగమునే పిల్లల సంచి బరువునకు వినియోగించిరి. 1993లో యశ్‌పాల్ సంఘము చదువు భారమును గూర్చి నివేదిక నిచ్చెను. 2012-13లో మన రాష్ట్రమున 1 మొదలు 8 తరగతుల పుస్తకములను మూడు భాగములుగా చేసి యిచ్చినదియు ఇందులకే. ఇన్ని జరిగినను సంచి సర్దునది మన యింటిలోనే గదా! మన పిల్లలకు తమిళము, ఆంగ్లములతోపాటు తెలుగు వాచకము ఒకటి అదనము. దానిని తీసివేయుడని మేమనము. తీయదగినవి వేఱుగా ఉన్నవి.

ఇక కూర్చుండు తీరు. నిటారుగా కూర్చుండుమని మనమందఱము చెప్పుచుందుము. అది సగము నిజమే. వెన్నుపూసల నడుమ మెత్తని బిళ్ళలు కలవు. వానిలోని నీరు పగటి బరువునకు కొంత వెలికి పోవును, పరుండినపుడు తిరిగి చేరును. కావుననే ఉదయముకంటె సాయంకాలము మనిషి సుమారు ఒక సెంటీమీటరు పొట్టియగును. 1999లో జర్మనీ దేశపు ఉల్మ్ నగర పరిశోధకులు ఒక మనిషి వెన్నుబిళ్ళలో సన్నని యంత్రము నుంచి ఒత్తిడి కొలిచిరి. వెనుకకు చేరగిలబడి కూర్చున్నపుడు, నిటారుగా కూర్చున్నప్పటికంటె ఒత్తిడి తక్కువగా ఉండెను! 20 కిలోల బరువును నడుము వంచి యెత్తగా, నిలుచున్నప్పటి ఒత్తిడికి నాలుగున్నర రెట్లు మించెను. మోకాళ్ళు వంచి యెత్తగా మూడున్నర రెట్లకు లోపే నిలిచెను. ఒక్క మనిషిపై చేసినది గనుక దీనినే వేదముగా పట్టుకొనరాదు. అయినను వంగి కూర్చుండుటయే నొప్పికి మూలమను నమ్మకమునకు తగిన ఆధారము దొరకలేదని యిప్పటి వైద్యులలో పలువురు చెప్పుచున్నారు. 2018లో బ్రెజిలు దేశమున 18 మొదలు 21 ఏండ్ల యువజనులను పరిశీలింపగా, ఫోను చూచునపుడు మెడ వంచు తీరునకును మెడనొప్పికిని సంబంధము కానరాలేదు.

అట్లని ఫోనును పిల్లల చేతికి అప్పగించి నిశ్చింతగా ఉండుడని మా భావము కాదు. ఏ భంగిమయైనను రెండు గంటలు కదలక నిలిపిన కండరములు పట్టుకొనును. నిటారుగా కూర్చున్నను అంతే. మగ్గము కడ కూర్చున్న తండ్రి యెఱుగును. కాబట్టి "నిటారుగా కూర్చో" యని పదిమార్లు గద్దించుటకంటె, అరగంట కొకసారి "లేచి మంచినీళ్ళు తెమ్ము" అని పంపుట మేలు. కుర్చీలో పిల్లల పాదములు వ్రేలాడుచున్నచో క్రింద రెండు ఇటుకలు పెట్టుడు. నేలపై చదువువారికి పుస్తకము ఒడిలో కాక చిన్న బల్లపై ఉండవలెను. సంచి రెండు పట్టెలను రెండు భుజములకు వేయుడు. సాయంకాలపు ఆటను ట్యూషనుకై మాన్పించుట మాకు బొత్తిగా నచ్చదు.

ఒక విషయము మాత్రము మఱువకుడు. రాత్రి నిద్ర లేపు నొప్పి, జ్వరముతో కూడిన నొప్పి, కాళ్ళలో తిమ్మిరి లేక బలహీనత, మూత్రము పట్టు తప్పుట — ఇవి కనబడినచో ఆలసింపక వైద్యుని చూడవలెను. పది మొదలు పదునాలుగేండ్ల పిల్లలను, ముఖ్యముగా బాలికలను, ముందుకు వంగి నిలుచుండుమని వెనుకనుండి చూడుడు. వీపు ఒక ప్రక్క ఎత్తుగా ఉన్న వెన్ను ప్రక్కకు వంగుచుండవచ్చును. అది సంచివలన వచ్చునది కాదు, పిల్ల తప్పును కాదు. ఎదుగు వయస్సున కనిపెట్టిన చికిత్స కలదు.

మీరు కూర్చుండి చాల సేపైనది. దయయుంచి ఒకసారి లేచి, చేతులు పైకి చాచుడు. గుమ్మము కడ త్రాసు పెట్టించితిమి. పోవునపుడు మీ పిల్లల సంచిని ఒకమారు తూచి చూచుకొనుడు.