అమ్మకి డయాలసిస్, నాకు సెమిస్టర్

బీటెక్ మూడో ఏడాదిలో మా అమ్మకి డయాలసిస్ మొదలైంది. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు. బయట బెంచీ మీద కూర్చొని ల్యాబ్ రికార్డులు రాసేవాణ్ణి. అటెండెన్స్ తగ్గి, డిటైన్ అయ్యే పరిస్థితి వచ్చింది. అయినా కాలేజీలో ఎవరికీ చెప్పలేదు. జాలిగా చూస్తారని భయం.

చివరికి ఒక ఫ్రెండ్‌కి చెప్పేశా. వాడు ఓదార్చలేదు. "శనివారం ఆంటీ దగ్గర నేనుంటా, నువ్వెళ్లి పడుకో రా" అన్నాడు. ఆ నిద్ర ఇప్పటికీ గుర్తుంది.

మీ క్లాసులో ఇలాంటి వాళ్లుంటే "ఏమైనా కావాలంటే చెప్పు" అని వదిలేయకండి. ఒక రోజు, ఒక పని మీరే తీసుకోండి. ఇంట్లో చూసుకునేది మీరే అయితే, ఒక్కరికైనా చెప్పండి. మరీ బరువనిపిస్తే టెలీ మానస్ 14416కి కాల్ చేయండి. ఫ్రీ, 24 గంటలూ ఉంటుంది. తెలుగులోనే మాట్లాడొచ్చు.