రద్దీని విప్పే ఆట – మన సొసైటీ వరుస

(పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యులను ఉద్దేశించి విద్యానగర్‌లో చేసిన ప్రసంగ పాఠము)



ఈరోజు మేము ఎంచుకున్న విషయం విని కొందరికి నవ్వు రావచ్చు. ఇది దాణా గురించి కాదు, పచ్చిమేత గురించి కాదు, లెక్కల పుస్తకాల గురించి అసలే కాదు. మన పిల్లలు సెల్‌ఫోనులో ఆడే ఒక రకం ఆటను గురించి. తనిఖీకి వెళ్ళినచోట కొందరు సభ్యులు మమ్మల్ని ఇలా అడుగుతున్నారు: “మావాడు డిగ్రీ చదువుతున్నాడు సార్. రాత్రిపూట ఫోనులో రోడ్లు గీస్తూ కూర్చుంటాడు. కార్లు ఆగిపోతే వాడికి నిద్ర పట్టదు. అందులో ఏమున్నదంటారు?” ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి జవాబు వెతికితే అది మన పాలకేంద్రం గుమ్మం దాకా వచ్చింది. అందుకే మీ ముందు ఉంచుతున్నాము.

ముందు ఆ ఆటలేమిటో చెప్పాలి. న్యూజిలాండ్‌లోని ఒక చిన్న బృందం 2015లో ‘మినీ మెట్రో’ అనే ఆటను తెచ్చింది. తెర మీద స్టేషన్లు ఒక్కొక్కటిగా పుడుతుంటాయి. వాటిని గీతలతో కలిపి, ఉన్న కొద్దిపాటి రైళ్ళతో ప్రయాణికులను గమ్యం చేర్చాలి. ఏదో ఒక స్టేషన్‌లో జనం మరీ పేరుకుపోతే ఆట ముగుస్తుంది. అదే బృందం 2019లో ‘మినీ మోటర్‌వేస్’ తెచ్చింది. అందులో రంగురంగుల ఇళ్ళు, అదే రంగుల భవనాలు ఉంటాయి. ఎర్ర ఇంటి కారు ఎర్ర భవనానికే పోవాలి. రోడ్డు వేయడం మన పని. ఇల్లు ఎక్కడ లేస్తుందో నిర్ణయించేది ఆట. వారానికోసారి కొన్ని రోడ్డు ముక్కలు, వాటితోపాటు వంతెనో, సిగ్నలో, రౌండబౌటో ఎంచుకునే వీలు ఇస్తారు. అంతకు మించి ఏమీ దొరకదు.

ఫోన్లు రాకముందే ఇటువంటి సరదా ఉన్నది. జపాన్‌కు చెందిన నోబ్ యోషిగహారా కూర్చిన ‘రష్ అవర్’ అనే పలక ఆట 1996 నుండి అమెరికాలో అమ్ముడయింది. 36 గడుల పలక మీద ఇరుక్కున్న ఎర్ర కారును, మిగతా బండ్లను ముందుకూ వెనక్కూ జరిపి బయటికి తీయాలి. 1989లో వచ్చిన ‘సిమ్ సిటీ’లో ఆడేవాడే నగర పాలకుడు.

ఈ ఆటలలో తుపాకులు లేవు. ఆడేవాడు బండి నడపడు కూడా. అయినా ఆకర్షణ ఎక్కడ నుండి వస్తున్నది? మాకు మూడు కారణాలు కనిపిస్తున్నాయి.

మొదటిది: రోజూ మన చేతిలో లేనిది అక్కడ మన చేతికి వస్తుంది. మీలో చాలామందికి తార్నాక కూడలి తెలుసు. సికింద్రాబాదు నుండి హబ్సిగూడ మీదుగా ఉప్పల్ పోయే రోడ్డును, లాలాపేట నుండి ఉస్మానియా విశ్వవిద్యాలయం వైపు వచ్చే రోడ్డు అక్కడ కోస్తుంది. 2023లో రావిర్యాలలో మెగా డెయిరీ ప్రారంభం కావడానికి ముందు దశాబ్దాల తరబడి మన పాల ట్యాంకర్లు చేరిన లాలాపేట డెయిరీ ఆ పక్కనే ఉన్నది. 2017 నవంబరులో మెట్రో రైలు వచ్చి ఆ రోడ్డు పైన ఇంకొక దారి ఏర్పడింది. కింద రద్దీ మాత్రం పోలేదు. కొన్నేళ్ళపాటు ఆ కూడలిని నేరుగా దాటనివ్వక యూ-టర్నులకు మళ్ళించారు. 2025 ఏప్రిల్‌లో ప్రయోగాత్మకంగా మళ్ళీ తెరిచారు. అక్కడ బస్సులో చిక్కుకున్న ప్రతివాడూ “నన్ను అడిగితే ఇట్లా చేసేవాణ్ణి” అనుకుంటాడు. ఆట వాణ్ణి ఆ కుర్చీలో కూర్చోబెట్టి, “అయితే చేసి చూపించు” అంటుంది.

రెండవది: చేతిలో ఉన్నది కొంచెమే. డబ్బు కుమ్మరిస్తే ఎవరైనా వంతెనలు కడతారు. ఒక్కటే వంతెన ఉంటే ఎక్కడ వేయాలన్నదే పరీక్ష. ఈ విద్యానగర్‌నే చూడండి. ఇక్కడ నుండి విశ్వవిద్యాలయం వైపు పోవాలంటే రైలు పట్టాలు దాటాలి. దాటే చోట్లు కొన్నే గనుక బండ్లన్నీ అడిక్‌మెట్ వంతెన దగ్గర కూడుకుంటాయి. ఆ కుర్రవాడు ఫోనులో తలపట్టుకునేది సరిగ్గా ఇటువంటి చిక్కు దగ్గరే.

మూడవది: చిక్కు ఎక్కడ పడ్డదో కంటికి కనబడుతుంది. ఈ ఆటలలో చాలావరకు చివరికి ఓటమే. ఊరు పెరుగుతూనే ఉంటుంది, రోడ్లు చాలవు. కాని ఓడినప్పుడు ఏ మూల పేరుకున్నదో, ఎందుకు పేరుకున్నదో తెర మీదే ఉంటుంది. ఎవరి మీదా నింద వేయనక్కరలేదు. మళ్ళీ మొదలుపెట్టడానికి ఖర్చు లేదు. మా వృత్తి భాషలో చెప్పాలంటే, అది ప్రతి ఆట చివరా అప్పటికప్పుడు అందే ఆడిట్ నివేదిక.

ఇక మన సంగతికి వస్తాము. పొద్దున పాలకేంద్రం ముందు వరుసను చూడండి. పాలు కొలవాలి, శాంపిల్ తీయాలి, వెన్న శాతం చూడాలి, పుస్తకంలోనో కంప్యూటరులోనో ఎక్కించాలి. ఇదీ ఒక కూడలే. తార్నాకలో ఆగిన కారులో పెట్రోలు కాలుతుంది. మన వరుసలో ఆగిన క్యానులో పాలు పాడవుతాయి. పితికిన పాలలో సూక్ష్మజీవులను అణచే సహజ శక్తి కొద్ది గంటలే ఉంటుంది. ఆ తరువాత వెచ్చదనం అనుకూలిస్తే అవి అరగంట లోపే రెట్టింపు కాగలవు. పాలను త్వరగా 4 డిగ్రీలకు చల్లబరచాలని చెప్పేది అందుకే. వరుసలో పోయిన సమయాన్ని ఏ కూలరూ తిరిగి ఇవ్వలేదు.

వరుసలకు ఒక లెక్క ఉన్నది. కోపెన్‌హాగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎర్లాంగ్ అనే డెన్మార్క్ గణితజ్ఞుడు 1909లో దీనికి పునాది వేశాడు. మన భాషలో చెబుతాము. ఒక టెస్టరు సగటున గంటకు 60 మందిని పంపగలడనుకోండి. సభ్యులు ఎవరి వీలు కొద్దీ వారు వస్తారు, ఒకరి పని తొందరగా అవుతుంది, ఒకరిది ఆలస్యమవుతుంది. గంటకు 30 మంది చొప్పున వస్తుంటే కౌంటరు దగ్గర సగటున ఒక్కరే ఉంటారు. 48 మంది వస్తే నలుగురు. 54 మంది వస్తే తొమ్మిదిమంది. 57 మంది వస్తే పందొమ్మిదిమంది! 54కూ 57కూ తేడా ముగ్గురే, వరుస మాత్రం రెట్టింపు దాటింది. అంటే రద్దీ మెల్లమెల్లగా పెరగదు. అంచు దాకా నెమ్మదిగా వచ్చి, అక్కడ ఒక్కసారిగా విరుచుకుపడుతుంది. ఆట ఆడే కుర్రవాడికి ఈ లెక్క తెలియకపోయినా కన్ను పట్టేస్తుంది. రద్దీ అరగంటలో ఒక్క మనిషి సాయం ఎంత విలువైనదో దీనివల్ల మనకు తెలుస్తుంది. రోజంతా జీతానికి ఇంకొకరిని పెట్టనక్కరలేదు.

కాబట్టి ఆట నుండి మూడు అలవాట్లు మన కేంద్రానికి తెచ్చుకుందాము.

ఒకటి, వరుస తోక దగ్గర కాదు, తల దగ్గర చూడండి. జనం బజారు దాకా నిలబడ్డారని షెడ్డు పెంచితే నీడ దొరుకుతుంది గాని పని తెమలదు. కొలత ఆలస్యమా, పరీక్ష ఆలస్యమా, రాత ఆలస్యమా? ఏది అన్నిటికన్నా నెమ్మదిగా సాగుతున్నదో దానిని మాత్రమే సరిచేయాలి.

రెండు, వేర్వేరు పనులను ఒకే దారిలో కలపకండి. బిల్లు తేడా అడిగేవారు, దాణా బస్తా కావలసినవారు, పాలు పోసేవారు ఒకే కిటికీ దగ్గర చేరితే ముగ్గురికీ ఆలస్యమే. బిల్లు సందేహాలకు పాలవేళ దాటాక ఒక సమయం కేటాయించండి.

మూడు, ఒక్కొక్కప్పుడు దారి మూస్తేనే రాకపోకలు సాఫీ అవుతాయి. కొత్త రోడ్డు వేస్తే అందరి ప్రయాణమూ ఆలస్యం కాగలదని జర్మనీ గణితజ్ఞుడు బ్రేస్ 1968లో నిరూపించాడు. దక్షిణ కొరియా రాజధాని సియోల్‌లో 2003లో నడిబొడ్డున ఉన్న పెద్ద ఎత్తు రోడ్డును కూల్చడం మొదలుపెట్టి, 2005 నాటికి దాని కింద పూడిన వాగును తిరిగి పారించారు. నగరం స్తంభించిపోలేదు. మన కేంద్రాలలోనూ మూయవలసిన దారి ఒకటి ఉన్నది. అది పక్క తలుపు. “నాది ముందు తీసుకో” అంటూ పలుకుబడి గలవారి క్యాను ఆ తలుపులో నుండి లోపలికి పోతుంది. ఒక్క క్యానే గదా అనిపిస్తుంది. అంచుకు చేరిన వరుసలో ఒక్క క్యాను ఏమి చేస్తుందో ఇందాకటి లెక్కలో చూశారు.

ఇంతవరకు ఆటను మెచ్చుకున్నాము. ఆటలో లేనిది కూడా చెప్పాలి. తెర మీద కారుకు అలక లేదు, ఆకలి లేదు. చుట్టు తిరిగి పొమ్మంటే పోతుంది. తార్నాకలో యూ-టర్ను పెట్టినప్పుడు పెద్ద రోడ్డు మీద పోయేవారికి వీలు కలగవచ్చు. లాలాపేట నుండి నేరుగా యూనివర్సిటీకి పోయేవాడికి మాత్రం ఆ చుట్టు తిరుగుడు తప్పదు. ఆ అదనపు దూరం ఎవరి మీద పడింది అని ఆట అడగదు. సహకార సంఘంలో మొట్టమొదట అడగవలసిన ప్రశ్న అదే. పది గేదెలున్నవారి క్యానులు ముందు తీసుకుంటే కూలరు త్వరగా నిండుతుంది, లెక్క బాగానే కనిపిస్తుంది. కాని లీటరు పాలు పోసి కూలికి పరుగెత్తవలసిన అక్క చివర నిలబడిపోతుంది. ఆమెకు ఒక గంట పోతే ఆరోజు కూలే పోవచ్చు. పది గేదెల రైతుకూ ఒకటే ఓటు, ఆమెకూ ఒకటే ఓటు. కాబట్టి వరుసను మార్చే నిర్ణయం కార్యదర్శి ఒక్కరే గీతలు గీసినట్లు గీయరాదు. సర్వసభ్య సమావేశంలో పెట్టి, ఆమె మాట కూడా విని చేయాలి.

తల్లిదండ్రులకు ఒక హెచ్చరిక. ఈ చిక్కుముడి ఆటలు వేరు, డబ్బు పందెం పెట్టించే ఆటలు వేరు. తెలంగాణలో 2017లోనే చట్టాన్ని సవరించి పందెపు ఆన్‌లైన్ ఆటలను నిషేధించారు. 2025లో పార్లమెంటు దేశమంతటికీ వర్తించే చట్టం చేసింది. పాలబిల్లు పడే బ్యాంకు ఖాతా పిల్లవాడి ఫోనుకే కలిపి ఉన్న ఇళ్ళు ఇప్పుడు అనేకం. వాడు ఆడేది ఏ ఆటో దగ్గర కూర్చుని చూడండి. రోడ్లు గీసే ఆటయినా చదువునూ నిద్రనూ తినేస్తుంటే హద్దు పెట్టవలసిందే.

కాని కేవలం తిట్టి ఊరుకోకండి. “ఎక్కడ ఆగిపోయింది రా, ఎందుకు ఆగింది?” అని అడగండి. ఇతరులకు దారి చేయడంలో వాడు ఆనందం పొందుతున్నాడు. పాలకవర్గంలో కూర్చునేవారికి కావలసిన గుణం అదే. ఒక వారంపాటు కాగితం, గడియారం ఇచ్చి వాణ్ణి కేంద్రం దగ్గర నిలబెట్టండి. ఎవరు ఎప్పుడు వచ్చారు, ఎప్పుడు వెళ్ళారు, ఏ బల్ల దగ్గర ఎంతసేపు ఆగారు అని రాయించండి. ఆ కాగితాన్ని వచ్చే సమావేశంలో సభ్యులందరి ముందు చదివించండి. వరుస ఎక్కడ బిగుసుకున్నదో ఊరంతా చూస్తుంది. పక్క తలుపు సంగతి కూడా ఆ కాగితమే చెబుతుంది, మనం ఎవరితోనూ తగవు పడనక్కరలేదు.

 సాయంత్రం పాలవేళకు అందరూ ఊరు చేరాలి గనుక ఇంతటితో ముగిస్తున్నాము. జై సహకార్!